పెద్దవాళ్లకు కానుకగా కీ గ్రామఫోను: వెతకడం నుంచి ఇంటికి చేర్చేదాకా

గ్రామఫోను కొనాలనుకోగానే చాలామంది నేరుగా మెషీన్ వేటలో పడతారు. ముందు చూడాల్సింది మెషీన్ కాదు. ఎవరికి ఇవ్వబోతున్నారో వాళ్ల ఇంట్లో ఏ ప్లేట్లు (రికార్డులు) ఉన్నాయో చూడాలి. ఆ ప్లేట్లను బట్టి మెషీన్, ఆ మనిషిని బట్టి మోడల్. ఈ వరసలో వెళ్తే డబ్బూ మిగులుతుంది, తెచ్చిన పెట్టె అలంకారంగా మూలన పడకుండా పాడుతుంది కూడా. నేను మా పెదనాన్న కోసం ఈ పని చేశాను. ఆయన దగ్గర వాళ్ల నాన్నగారి కాలం నాటి నాటక పద్యాల ప్లేట్లు ఒక ట్రంకుపెట్టె నిండా ఉన్నాయి. వాటిని పాడించే సాధనమే లేదు.

1. ట్రంకుపెట్టె తెరవండి

కీ ఇచ్చి తిప్పే గ్రామఫోను మీద పాడేవి నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క ప్లేట్లు మాత్రమే. గుర్తుపట్టడం కష్టం కాదు. ఎక్కువగా 10 అంగుళాల వెడల్పు ఉంటాయి, కొన్ని 12 అంగుళాలవి. చేతిలోకి తీసుకుంటే బరువుగా ఉంటాయి, వంగవు, కింద పడితే పెంకులా పగులుతాయి. 10 అంగుళాల ప్లేటు ఒక వైపు పాడేది సుమారు 3 నిమిషాలే. అందుకే పెద్ద రాగం తీసే నటులు కూడా ఆ ప్లేట్లలో కాస్త తొందరపడుతున్నట్టు వినిపిస్తారు.

వెడల్పుగా, తేలిగ్గా, కొంచెం వంగేలా ఉండి లేబుల్ మీద 33⅓ అని ఉంటే అది ఎల్పీ, అంటే నెమ్మదిగా తిరిగి ఎక్కువసేపు పాడే ప్లేటు. దాన్ని గ్రామఫోను మీద పెడితే ఆ ప్లేటు అంతటితో సరి. గ్రామఫోను సౌండ్ బాక్స్, అంటే ఉక్కు ముల్లు బిగించి ఉండి శబ్దం పుట్టించే గుండ్రటి డబ్బీ, వంద గ్రాములకు పైగా బరువుతో ప్లేటును నొక్కుతుంది. ఎల్పీ కోసం చేసిన పికప్ (రికార్డ్ ప్లేయర్‌లో ముల్లు ఉండే భాగం) మోపే బరువు కొన్ని గ్రాములే. ఆ ఉక్కు ముల్లు ఎల్పీ గాడిని ఒక్కసారికే గీరేస్తుంది.

ఇది ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, మన ఇళ్లలో పెద్దవాళ్లు "గ్రామఫోను వస్తే వింటా" అని అడిగేవాటిలో ముందుండేవి రెండు: ఎమ్మెస్ సుబ్బులక్ష్మి వేంకటేశ్వర సుప్రభాతం, ఘంటసాల భగవద్గీత. మొదటిది 1963లో, రెండోది 1974లో ఎల్పీలుగా వచ్చాయి. రెండూ కీ గ్రామఫోను మీద పాడవు. మీ వాళ్ల కోరిక అదే అయితే, ఇంట్లో ఉన్నవన్నీ ఎల్పీలే అయితే, కరెంటుతో నడిచే రికార్డ్ ప్లేయర్ కొనివ్వండి. ఈ వ్యాసం ఇక చదవక్కర్లేదు.

మధ్యరకం ఇంకొకటి ఉంది. 1950లు, 60లలో వచ్చిన సినిమా పాటల 78 ప్లేట్లు. వేగం సరిపోతుంది, పాడతాయి కూడా. కానీ అప్పటికే తేలికపాటి ఎలక్ట్రిక్ పికప్‌లు వచ్చేశాయి, ఆ ప్లేట్లు వాటిని దృష్టిలో పెట్టుకుని చేసినవి. బరువైన సౌండ్ బాక్స్ కింద తొందరగా అరుగుతాయి. బాగా ఇష్టమైన సినిమా ప్లేటు ఉంటే ముందు ఎవరి చేతనైనా డిజిటల్‌లోకి మార్పించి, తర్వాత పండక్కీ పబ్బానికీ మాత్రమే వేసుకోమనండి.

2. వినే మనిషిని చూడండి

కీ ఇవ్వడం అంటే ప్రతి పాటకూ హ్యాండిల్ తిప్పడం. 10 అంగుళాల ప్లేట్లయితే రెండు వైపులకు ఒకసారి సరిపోతుందనే మెషీన్లు ఉన్నాయి గానీ, ప్రతిసారీ నిండా కీ ఇవ్వడమే మంచిది. వేళ్లు వంకర్లు పోయిన వాళ్లకు, భుజం నొప్పి ఉన్నవాళ్లకు ఇది చిన్న పని కాదు. మీ వాళ్లకు అలాంటి ఇబ్బంది ఉంటే ఇంట్లో మనవడో మనవరాలో ఆ పని తీసుకోగలరా అని ముందే ఆలోచించుకోండి. పెట్టె నడుము ఎత్తు బల్ల మీద ఉండాలి. నేల మీద పెట్టి వంగి తిప్పమంటే వారం తర్వాత ఎవరూ ముట్టరు.

శబ్దం తగ్గించే బటన్ ఉండదు. సన్న ముల్లు వేస్తే తక్కువ, లావు ముల్లు వేస్తే ఎక్కువ. అంతే. చిన్న గదిలో లావు ముల్లు వేస్తే పక్కింటికి కూడా వినబడుతుంది. కొంచెం చెవుడు ఉన్న పెద్దాయనకు ఇది వరమే, కోడలికి మాత్రం టెన్షన్.

3. ఏ రకం కొనాలి

ఫోనోగ్రాఫ్ అని ఎడిసన్ 1877లో కనిపెట్టింది గొట్టం మీద పాడేది. ఎడిసన్ కంపెనీ ఆ గొట్టాల తయారీని 1929లో ఆపేసింది. పాత మైనపు గొట్టాలకు బూజు పడుతుంది, వాటిని దాచడమే ఒక విద్య. మన పెద్దవాళ్ల దగ్గర ఉండేవి ప్లేట్లు కాబట్టి మనకు కావాల్సింది, ప్లేట్ల మీద పాడే పద్ధతి తెచ్చిన బెర్లినర్ దారిలో వచ్చిన గ్రామఫోను. దుకాణాల్లో రెండు మాటలనూ కలగాపులగంగా వాడతారు, దానికి కంగారుపడకండి.

గ్రామఫోనుల్లో స్థూలంగా మూడు రకాలు. పైన బూర ఉన్నవి, అలమరాలా నిలబడే కేబినెట్లు, సూట్‌కేసులా మూసి పట్టుకెళ్లే పోర్టబుల్ పెట్టెలు. ఇంట్లో పెద్దవాళ్లు రోజూ వినడానికైతే నా ఓటు పోర్టబుల్‌కే. కారణం సోకు కాదు, పాట. 1925లో మైకుతో రికార్డు చేసే పద్ధతి వచ్చింది. పాత పద్ధతిలో పట్టుబడని మంద్ర స్వరాలు, హార్మోనియం నిండుదనం అప్పటి నుంచి ప్లేట్లలోకి ఎక్కాయి. తెలుగు ఇళ్లలో మిగిలిన పద్యాల, పాటల ప్లేట్లలో ఎక్కువ భాగం ఆ తర్వాతి కాలానివే. వాటిని సరిగ్గా పలికించేది ఆ తర్వాత తయారైన మెషీనే. అంతకుముందు వచ్చిన అభ్రకపు రేకు సౌండ్ బాక్సులు అవే ప్లేట్లను కాస్త సన్నగా, ముక్కుతో పాడినట్టు పలుకుతాయి.

పోర్టబుల్స్‌లో రెండు పేర్లు గుర్తుంచుకోండి. హెచ్ఎమ్‌వీ (హిజ్ మాస్టర్స్ వాయిస్ కంపెనీ) 101 మోడల్ 1925లో వచ్చింది. దాని తర్వాతిది హెచ్ఎమ్‌వీ 102, 1931లో మొదలై 1950ల దాకా తయారైంది. 102 లోపల దాగి ఉన్న బూర వెనక వైపు తెరుచుకుంటుంది, తెరిచిన మూత ఆ శబ్దాన్ని మన వైపు తిప్పుతుంది. ఇంత చిన్న పెట్టెలోంచి అంత గొంతు రావడం చూస్తే ఎవరైనా ఆశ్చర్యపోతారు. భారతదేశంలో ఇవి బాగా అమ్ముడుపోయాయి కాబట్టి ఇప్పటికీ దొరుకుతాయి, విడిభాగాలు కూడా దొరుకుతాయి. కొలంబియా, డెక్కా పోర్టబుల్స్ కూడా మంచివే. హెచ్ఎమ్‌వీ గుర్తయిన కుక్క బొమ్మ లేదని వాటిని వదిలేయకండి, చాలాసార్లు ఆ బొమ్మకే ఎక్కువ ధర పెడుతున్నాం.

4. ఇత్తడి బూర దగ్గర ఆగండి

గ్రామఫోను అనగానే మన కళ్ల ముందు మెదిలేది పువ్వులా విచ్చుకున్న ఇత్తడి బూర. వ్యాపారులకూ ఆ సంగతి తెలుసు. కొన్ని దశాబ్దాలుగా మన దేశంలోనే కొత్తగా చెక్కపెట్టెలు చేసి, పాత పోర్టబుల్స్ విప్పి తీసిన మోటార్లు అందులో బిగించి, పైన తళతళలాడే ఇత్తడి బూర తగిలించి "వందేళ్ల నాటిది" అని అమ్ముతున్నారు. విదేశాలకు కూడా ఇవి కుప్పలుగా వెళ్లాయి. అక్కడి సేకర్తలు వీటిని ఎగతాళి చేస్తారు. అలంకారానికి అని చెప్పి అమ్మితే తప్పు లేదు. పాతదని చెప్పి అమ్మడమే మోసం. ఇంకో బాధ ఏమిటంటే, ఒక్కో నకలు కోసం బాగా పాడే ఒక అసలు పోర్టబుల్ ముక్కలైపోయి ఉంటుంది.

నకలును పట్టుకోవడానికి ఈ గుర్తులు చూడండి. పెట్టె చెక్క కొత్త పాలిష్‌తో మెరుస్తుంటుంది, కానీ అడుగున తిప్పి చూస్తే పచ్చి చెక్క, కొత్త మేకులు, కొత్త ప్లైవుడ్. ఆరు పలకల, ఎనిమిది పలకల, గుండ్రటి పెట్టెలైతే దాదాపు ఖాయంగా కొత్తవే. ముందు వైపు కుక్క బొమ్మతో పెద్ద ఇత్తడి బిళ్ల కొట్టి ఉంటుంది. అసలు వాటిలో ఆ బొమ్మ ఎక్కువగా చెక్క మీద అతికించిన ముద్రలా ఉంటుంది, ఏళ్లకి కాస్త మాసిపోయి ఉంటుంది. బూర పెట్టెను కలిసే వంపు గొట్టం దగ్గర టంకం మరకలు, వంకరటింకర అతుకులు ఉంటే అనుమానించండి. అసలు మెషీన్‌లో సౌండ్ బాక్స్ నుంచి బూర అంచు దాకా గొట్టం క్రమంగా వెడల్పవుతూ పోతుంది. నకళ్లలో పోర్టబుల్ నుంచి పీకిన పొట్టి చేతికి (సౌండ్ బాక్స్‌ను పట్టుకునే గొట్టానికి) హఠాత్తుగా ఒక పెద్ద బూర తగిలించి ఉంటుంది.

జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకోండి. పాత బూరల్లో చాలావరకు రంగు వేసిన ఇనుప రేకువి. ఇత్తడి అసలు లేదని కాదు, తొలినాళ్లలో ఇత్తడి అంచున్న బూరలు ఉండేవి. కానీ మొత్తం మెరిసే ఇత్తడి బూర, దాని మీద గీతల నగిషీ, పైగా తక్కువ ధర, ఈ మూడూ కలిశాయంటే ఇంకేం అడగక్కర్లేదు. అసలైన బూర గ్రామఫోను మంచి స్థితిలో ఉన్నదానికి పోర్టబుల్ కంటే చాలా రెట్లు ధర పలుకుతుంది.

మీ వాళ్లకు బూర చూస్తేనే గ్రామఫోను అనిపిస్తుందంటే, అది నకలని తెలిసి, నకలు ధరకే కొనండి. కానీ అపురూపమైన ప్లేట్లు దాని మీద వేయనివ్వకండి. బరువు, ముల్లు వాలు సరిగా కుదరని చెయ్యి ప్లేట్లను తినేస్తుంది.

5. ఎక్కడ వెతకాలి

అన్నిటికన్నా ముందు బంధువుల అటకలు. పెళ్లిలోనో కర్మకాండలోనో నలుగురూ కలిసినప్పుడు "మీ ఇంట్లో పాత గ్రామఫోను ఏమైంది?" అని ఒక మాట వేయండి. ఇంటి నుంచి వచ్చిన మెషీన్‌కు చరిత్ర తెలుస్తుంది, ఎవరూ విప్పి ముక్కలు మార్చి ఉండరు. నాటక సమాజాలు బతికిన తెనాలి, గుంటూరు, రాజమండ్రి లాంటి ఊళ్లలో పాత మైక్ సెట్ దుకాణాల వాళ్లను అడిగితే ఆనుపానులు చెబుతారు. పెళ్లిళ్లకు లౌడ్ స్పీకర్లు కట్టిన కుటుంబాల దగ్గర ప్లేట్లు ఇప్పటికీ గోతాల్లో ఉన్నాయి.

హైదరాబాద్‌లో గురువారం జరిగే జుమ్మేరాత్ బజార్, ఆదివారం ఎర్రగడ్డ సంత చూడొచ్చు. అక్కడ అదృష్టం ఉండాలి, ఓపిక ఉండాలి, పొద్దున్నే వెళ్లాలి. ముంబై చోర్ బజార్‌లోని మటన్ స్ట్రీట్‌లో గ్రామఫోనులకే పేరుపడ్డ దుకాణాలు ఉన్నాయి. మరమ్మతు చేసేవాళ్లూ అక్కడే దొరుకుతారు. అయితే పైన చెప్పిన నకళ్లు కూడా అక్కడే ఎక్కువ. తమిళనాడు వెళ్లే పని ఉంటే కారైక్కుడిలో చెట్టియార్ల పాత ఇళ్ల సామాను అమ్మే వీధి ఉంది.

ఆన్‌లైన్‌లో కొంటే ఫోటో చాలదు. ఒక ప్లేటు మొదటి నుంచి చివరి దాకా ఆగకుండా పాడుతున్న వీడియో, మూత కింద, పెట్టె అడుగున, సౌండ్ బాక్స్ వెనక ఫోటోలు అడగండి. ఇవ్వడానికి నసిగేవాడి దగ్గర కొనకండి.

6. దుకాణంలో పరీక్ష

వెళ్లేటప్పుడు మీతో ఉండాల్సినవి: పోయినా ఫర్వాలేదనిపించే ఒక 78 ప్లేటు, కొత్త ముళ్లు, ఫోన్ టార్చి, ఒక కాగితం ముక్క. దుకాణదారు ప్లేటుతో పరీక్షిస్తే అది ఆ మెషీన్‌కు అలవాటైన ప్లేటే అయి ఉంటుంది.

ముందుగా కీ. హ్యాండిల్ నెమ్మదిగా తిప్పుతుంటే స్ప్రింగు బిగుస్తున్న కొద్దీ చేతికి బరువు తెలియాలి. ఎంత తిప్పినా ఖాళీగా తిరుగుతుంటే స్ప్రింగు తెగిందన్నమాట. హ్యాండిల్ వదలగానే వెనక్కి కొడితే దాన్ని వెనక్కి తిరగకుండా ఆపే లోపలి క్లిక్ అరిగింది. అది వేలికి తగిలిందంటే గట్టి దెబ్బే, పెద్దవాళ్ల ఇంటికి అలాంటిది అస్సలు వద్దు. బిగిశాక ఇంకా బలంగా తిప్పకండి.

తర్వాత ప్లేటు లేకుండా తిరగనివ్వండి. మెత్తటి సరసర వినిపించాలి. మధ్యమధ్య లోపల్నుంచి "ధబ్" మని శబ్దం, పెట్టె అదరడం ఉంటే స్ప్రింగు డ్రమ్ములో పాత గ్రీజు గడ్డకట్టింది. అది బాగయ్యే జబ్బే, కానీ బేరంలో వాడుకోండి. గలగలమంటుంటే గవర్నర్ చూడాలి. వేగాన్ని అదుపులో పెట్టేది అదే. మూడు చిన్న బరువులు సన్నటి రేకుల మీద గిర్రున తిరుగుతాయి, వాటిలో ఒక రేకు విరిగినా వేగం నిలవదు.

ఇప్పుడు వేగం లెక్క. ప్లేటు కింద కాగితం ముక్క అంచు బయటికి కనిపించేలా పెట్టి, పాట నడుస్తుండగా అర నిమిషం లెక్కపెట్టండి. 39 చుట్లు రావాలి. రాకపోతే వేగం సవరించే మీట తిప్పి మళ్లీ చూడండి. అసలు పరీక్ష చివరి అర నిమిషంలో ఉంటుంది. మొదట్లో 78 తిరిగి, పాట చివర పద్యం ఎత్తుకునే చోట మెషీన్ నీరసపడి గొంతు కిందికి జారిపోతే స్ప్రింగు అలిసిపోయింది. ఒక వైపు పూర్తిగా వినకుండా డబ్బు ఇవ్వొద్దు. దుకాణదారు "బాగా పాడుతోంది కదా సార్" అని నిమిషానికే మెషీన్ చెయ్యి ప్లేటు మీంచి ఎత్తేస్తుంటే, వద్దని చెప్పి పూర్తిగా విననివ్వమనండి.

సౌండ్ బాక్స్‌ను టార్చి వేసి చూడండి. మెషీన్ గొంతు మొత్తం అదే. 102లో వచ్చే 5ఎ, 5బి సౌండ్ బాక్సులు జింకు మిశ్రమంతో పోత పోసినవి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ లోహం ఉబ్బి, వెంట్రుకలాంటి పగుళ్లు వస్తాయి. ఎక్కువ పగిలితే దాన్ని బాగుచేయడం కుదరదు, ఇంకోటి వెతకాల్సిందే. లోపలి రేకు చుట్టూ ఉండే రబ్బరు గట్టిపడితే పాటలో జుయ్యిమనే బరబర వస్తుంది, రబ్బరు మారిస్తే పోతుంది. కొత్తగా చేసిన నకలు సౌండ్ బాక్సులు కూడా తగిలిస్తున్నారు. మెషీన్ అంతా పాతబడి ఉండి సౌండ్ బాక్స్ ఒక్కటే మెరుస్తుంటే ఎందుకని అడగండి.

పెట్టె విషయంలో పెద్దగా పట్టింపు అక్కర్లేదు. పైన అతికించిన గుడ్డ చిరిగినా, మూలలు అరిగినా పాటకు నష్టం లేదు. చెదలు, తడి వాసన, ఊగే మూత బందులు మాత్రం చూసుకోండి. కోస్తా ఊళ్ల నుంచి వచ్చిన పెట్టెల్లో లోపలి బూర గొట్టంలో పురుగు గూళ్లు ఉంటాయి. గొంతు మూసుకుపోయినట్టు వస్తుంటే ముందు అది చూడండి.

7. బేరం, మరమ్మతు

ధర అడిగాక మనసులో మరమ్మతు ఖర్చు కలిపి చూసుకోండి. గ్రీజు, రబ్బరు మార్పు అన్నది దాదాపు ప్రతి పాత మెషీన్‌కూ కావాల్సిందే. "ఫుల్ సర్వీస్ అయింది" అంటే ఏమేం చేశారో అడగండి. బయటికి పాలిష్ పెట్టడం సర్వీస్ కాదు. స్ప్రింగు తెగినది, సౌండ్ బాక్స్ పగిలినది, గవర్నర్ పోయినది, ఈ మూడింట్లో రెండు ఉంటే ఎంత తక్కువకిచ్చినా వదిలేయండి.

గవర్నర్ బేరింగులకు, గేర్లకు కుట్టుమిషన్ నూనె చుక్క వేయడం మీరే చేసుకోవచ్చు. స్ప్రింగు ఉన్న డ్రమ్ము మాత్రం ఇంట్లో విప్పకండి. మీటర్ల కొద్దీ ఉక్కు పట్టీ అందులో చుట్టుకుని ఉంటుంది, ఒక్కసారి బయటికి ఎగిరితే చేతులు కోస్తుంది. అది తెలిసిన మెకానిక్ పని.

8. ఇంటికి తేవడం

పార్సిల్ వేయకుండా చేత్తో తెచ్చుకోగలిగితే అదే మంచిది. బయల్దేరే ముందు కీ పూర్తిగా దిగిపోయేదాకా పళ్లేన్ని తిరగనిచ్చి ఆపండి. సౌండ్ బాక్స్ విప్పి గుడ్డలో విడిగా చుట్టండి. మెషీన్ చేతిని దారంతో కదలకుండా కట్టండి, తిరిగే పళ్లెం ఊడివచ్చేదైతే తీసేయండి. హ్యాండిల్ పెట్టెలో వదులుగా పడేస్తే దారి పొడవునా పళ్లేన్ని కొడుతూనే ఉంటుంది. ప్లేట్లు కొంటే వాటిని నిలువుగా, మధ్యలో అట్టముక్కలతో పెట్టాలి. ఒకదాని మీద ఒకటి పడుకోబెడితే కిందివి పగులుతాయి.

9. ఇచ్చే రోజే నేర్పాల్సినవి

ఉక్కు ముల్లు ఒక వైపుకు ఒకటి. వాడినది పారేయాలి. లక్క ప్లేటులో గట్టి పొడి కలిసి ఉంటుంది, అది ముల్లును మొదటి క్షణాల్లోనే గాడి ఆకారానికి అరగదీస్తుంది. పాట అయ్యేసరికి ఆ ముల్లు ఉలిలా తయారవుతుంది, మళ్లీ వేస్తే ప్లేటును చెక్కుతుంది. పాతకాలపు వాళ్లు ఇక్కడే మొండికేస్తారు. "మా నాన్న ఒక్క ముల్లుతో పది పాటలు వినేవాడు" అంటారు. ఆ పది పాటల ప్లేట్లు ఇప్పుడు నూనెలో పకోడీ వేగినట్టు పలుకుతున్నది అందుకే అని మర్యాదగా చెప్పండి. మెషీన్‌తో పాటు కనీసం కొన్ని వందల ముళ్లు కొనిపెడితే పొదుపు చేయాలన్న ఆలోచనే రాదు. తుప్పు పట్టిన పాత డబ్బీ ముళ్లు, కుట్టు సూదులు, గుండుసూదులు వద్దేవద్దు.

ప్లేట్లు శుభ్రం చేయడానికి స్పిరిట్, శానిటైజర్ ముట్టుకోకూడదు. లక్క ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. రెండు చుక్కల సబ్బు కలిపిన నీళ్లతో, లేబుల్ తడవకుండా, మెత్తటి గుడ్డతో తుడిచి ఆరనిస్తే చాలు. వేసవిలో అటక మీద, కిటికీ ఎండలో పెడితే వంగిపోతాయి. విన్నాక కీ సగం బిగిసి ఉండగా మూసేయకుండా, దిగిపోనిచ్చి మూయమనండి.

10. బంధువు విదేశంలో ఉంటే

అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో ఉన్న అన్నయ్యకు ఇక్కడ కొని పంపాలనుకుంటే ఒక చట్టం సంగతి తెలుసుకోండి. 1972 నాటి పురావస్తు, కళాఖండాల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన చారిత్రక, కళా వస్తువులను దేశం దాటించడం మీద ఆంక్షలు ఉన్నాయి. 1931 తర్వాతి 102 ఇంకా ఆ గీత దాటలేదు. 1925 నాటి 101కి మాత్రం వందేళ్లు నిండి ఆ గీతకు చేరిపోయింది. విమానాశ్రయంలో వాదించే బదులు, ఇది ప్రాచీన వస్తువు కాదనే ధ్రువపత్రం కోసం ముందే పురావస్తు సర్వేక్షణ శాఖ కార్యాలయంలో దరఖాస్తు చేసుకోండి. వయసు తెలిసేలా మోడల్ నంబరు, సీరియల్ నంబరు ఉన్న బిళ్లల ఫోటోలు, కొన్న రసీదు జతపరచండి. బ్రిటన్‌లో ఉన్నవాళ్లకైతే ఇక్కడి నుంచి పంపడం కన్నా అక్కడే వెతకడం సులువు. 102 తయారైంది అక్కడే, విడిభాగాలు, ముళ్లు, బాగుచేసే చేతులు అక్కడే ఎక్కువ. ఇక్కడి నుంచి మీరు తెలుగు ప్లేట్లు పంపితే చాలు.